గృహస్థుల ఒకనాటి కంచి యాత్ర

తెలుగునాట కథ చెప్పు పెద్దలు, కథ ముగియగానే “కథ కంచికి, మనము ఇంటికి” అని పలుకుట పరిపాటి. కథలన్నియు కంచికే ఎందులకు పోవలెనని పసివారు అడుగుదురు. పెద్దలు నవ్వి ఊరకుందురు. శ్రీవైష్ణవ గృహములలో మాత్రము ఈ సామెతకు ఒక అర్థము సులభముగ తోచును. భగవద్రామానుజుల కథ, తిరుక్కచ్చినంబుల కథ, కూరేశుల కథ, భక్తిసారుల కథ — ఇవన్నియు ఏదో ఒక మలుపున కంచికి చేరినవే. సామెత యందలి రెండవ సగమును సామాన్యముగ ఎవరును పట్టించుకొనరు. కథ కంచికి పోయినను మనుష్యుడు ఇంటికి రావలెను. కంచిలో పొందినది ఇంటిలో కనబడవలెను. అదియే గృహస్థుని యాత్రకు గీటురాయి.

చెన్నై మహానగరమునకు కాంచీపురము సుమారు 75 కిలోమీటర్ల దూరమున నున్నది. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడిన పిదపను ఆ నగరమున నిలిచిపోయిన తెలుగు కుటుంబములు వేలకొలది కలవు. వారికిని, ఉద్యోగములకై తరువాత చేరినవారికిని, సెలవుదినమున తెల్లవారుజామున బయలుదేరి రాత్రికి ఇల్లు చేరుటకు అనువైన క్షేత్రము కంచి. కాలినడకన పోయిన పూర్వులకు దినములు పట్టిన యాత్ర నేడు గంటలలో ముగియుచున్నది. కాలము కలిసివచ్చినది, అయితే ఆ కలిసివచ్చిన కాలమును ఏమి చేయవలెనన్నదే ప్రశ్న.

పలు ఇండ్లలో జరుగునది ఇట్లుండును. ఇంటి యజమాని ముందునాటి రాత్రి కాగితము తీసి దేవాలయముల పట్టిక వ్రాయును. కంచి పరిసరములలో పదునాలుగు దివ్యదేశములు కలవని విని, పదునాలుగింటిని ఒక్క పూటలో చూడదలచును. ఒక్కొక్క సన్నిధికి ఇన్ని నిమిషములని లెక్కకట్టును. అప్పుడు ఇంటిలోని వృద్ధమాత వంక చూపు పోవును. “అమ్మ నడువలేదు, మెట్లు ఎక్కలేదు, ఆమెతో పోయినచో నాలుగు కోవెలలైనను కావు” అని ఎవరో ఒకరు మెల్లగ అందురు. ఆ తల్లి ఆ మాట వినును. “మీరు పోయి రండు నాయనా, నేను ఇల్లు కనిపెట్టుకొని యుందును” అనును. పట్టిక పూర్తియగును, తల్లి ఇంటిలో మిగులును. ఈ యాత్ర ఎవరికొరకు జరిగినదని ఆలోచింపవలసియున్నది.

యాత్ర అను పేరు పెట్టినంత మాత్రమున ప్రయాణము యాత్ర కానేరదు. ఇందులకు రామానుజుల చరిత్రమందే నిదర్శనము కలదు. వారు యువకులై కంచియందు యాదవప్రకాశుల వద్ద వేదాంతము చదువుచుండిరి. శిష్యుని ప్రతిభను ఓర్వలేని గురువు శిష్యులందరితో గంగాస్నానమునకు కాశీయాత్ర తలపెట్టెను. బయటికి అది తీర్థయాత్ర; లోన మాత్రము రామానుజులను దారిలో తుదముట్టించు ఆలోచన. తమ్ముడు వరుసయైన గోవిందుడు రహస్యమును తెలుపగా, రామానుజులు వింధ్యారణ్యమున ఒంటరిగ తప్పించుకొనిరి. గమ్యము కాశియే, సంకల్పము గంగాస్నానమే, అయినను తోడివానికి చోటులేని ఆ ప్రయాణము యాత్ర కాలేదు. అడవిలో దిక్కుతోచక నిలిచిన యువకునకు ఒక బోయదంపతుల తోడు లభించినది. బోయత దప్పిగొని నీరడిగెను. సమీపమందలి బావినుండి రామానుజులు నీరు తెచ్చి ఇచ్చిరి. మరల వచ్చి చూచునప్పటికి వారు లేరు. ఎదుట కనబడినది వరదరాజస్వామి పుణ్యకోటి విమానము. వచ్చినవారు పేరుందేవి తాయారును వరదుడును అని సంప్రదాయము. ఆ బావి నేడును శాలైకిణరు అను పేర కంచి సమీపమున కలదు. అక్కడినుండి ప్రతిదినము స్వామి ఆరాధనకు నీరు మోయుట రామానుజుల కైంకర్యమాయెను. దప్పిగొన్న ఒక స్త్రీకి ఇచ్చిన నీటితో ఆరంభమైన సేవ అది.

కావున కంచికి బయలుదేరు గృహస్థుడు మొదట కాగితముపై వ్రాయవలసినది దేవాలయముల పేర్లు కాదు, వచ్చువారి పేర్లు. ఎవరికి మోకాలు నొప్పి, ఎవరికి వేళకు మందు, ఏ బిడ్డకు ఎప్పుడు ఆకలి యగును — ఇది తెలిసిన పిదప సన్నిధుల సంఖ్య తనంతట తానే తేలును. ఉదయమున మూడు, సాయంకాలమున రెండు అయినచో చాలును. కంచి దేవాలయములు సామాన్యముగ మధ్యాహ్నము పండ్రెండు గంటల ప్రాంతమున మూసి, నాలుగు గంటల ప్రాంతమున తెరచెదరు. ఈ విరామము ఆటంకము కాదు. స్వామికే విశ్రాంతి కలిగిన వేళ వృద్ధులకును బాలురకును విశ్రాంతి ఉండవలదా? ఆ వేళ భోజనమునకును, కొంత నిద్రకును, పట్టుచీరల అంగడికిని సరిపోవును. అంగడిని ఉదయమున పెట్టుకొన్నచో దర్శనము మిగులదని అనుభవజ్ఞులు ఎరుగుదురు. వైశాఖమాసమందలి వరదుని గరుడసేవ వంటి దినములలో జనసమ్మర్దము మెండు. వృద్ధులతో పోవువారు అట్టి దినములను విడిచి సామాన్య దినమును ఎన్నుకొనుట మేలు.

తెల్లవారుజామున చెన్నై విడిచి పశ్చిమముగ పోవు రహదారిపై మొదట తగులునది పూనమల్లి. పూర్వ నామము పూవిరుందవల్లి. ఇది తిరుక్కచ్చినంబుల జన్మస్థలము. సంస్కృతమున వీరిని కాంచీపూర్ణులందురు. బ్రాహ్మణేతర కులమున పుట్టి, ఈ ఊరి తోటల పూవులను వరదునకు సమర్పించుచు, స్వామికి వింజామర వీచు కైంకర్యమున జీవితమును గడపిన మహనీయులు. వరదుడు వారితో ముఖాముఖి సంభాషించెడివాడని ప్రసిద్ధి. నేడు వాహనముల రొదలో మునిగిన ఆ దారియే ఒకనాడు పూలబుట్టతో వారు నడచిన దారి. పూనమల్లి దాటువేళ పిల్లలకు ఇంత మాత్రము చెప్పినను ఆ రహదారి వేరొక విధముగ కనబడును. చేతిలో ఒక మూర పూలదండ ఉన్నచో మరియు మంచిది.

తదుపరి శ్రీపెరుంబుదూరు, భూతపురి యనియు పేరు. చెన్నైకి సుమారు 40 కిలోమీటర్లు. 1017వ సంవత్సరమున కేశవ సోమయాజులకును కాంతిమతికిని రామానుజులు ఇక్కడ అవతరించిరి. 2017లో వారి సహస్రాబ్ది ఉత్సవములు దేశమంతటను జరిగినవి. ఆదికేశవస్వామి ఆలయమునందలి రామానుజుల అర్చామూర్తి ‘తాన్ ఉగంద తిరుమేని’, అనగా తాము స్వయముగ ప్రీతితో అంగీకరించిన విగ్రహము. వారు జీవించియుండగనే శిష్యులు చేయించిన మూర్తిని వారు ఆలింగనము చేసికొని తమ శక్తిని అందు నిలిపిరని పెద్దలు చెప్పుదురు. అందుచేతనే చలికాలమున ఆ మూర్తికి వేడినీటి తిరుమంజనము, కంబళి కప్పుట మున్నగు ఉపచారములు జరుగును. ఆ కంబళిని చూచిన బిడ్డ, ఇంటిలోని తాతగారికి చలి వేయునా యని తలచినచో శ్రీపెరుంబుదూరు దర్శనము ఫలించినట్లే.

కంచిలో మొదట సేవింపవలసినవాడు వరదరాజస్వామి. హస్తిగిరి యని పేరుగల ఉన్నత స్థానమున వేంచేసియున్న స్వామిని చేరుటకు ఇరువదినాలుగు మెట్లు కలవు. గాయత్రి యందలి ఇరువదినాలుగు అక్షరములకు అవి సంకేతములని చెప్పుదురు. మోకాళ్ల నొప్పులవారు ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క అక్షరము తలచుచు నిలిచి నిలిచి ఎక్కవచ్చును. ఎక్కనేలేనివారికి తాయారు సన్నిధి క్రిందనే కలదు. అమ్మవారు పురుషకారమొనర్చి జీవుని స్వామికి అప్పగించునని శ్రీవైష్ణవ సిద్ధాంతము. మెట్లెక్కలేని తల్లి తాయారు సన్నిధిలో కూర్చుండినచో ఆమె విన్నపము హస్తిగిరికి చేరుటలో లోపమేమియు ఉండదు. అయితే ఆమెను అక్కడ ఒంటరిగ విడువక, ఒకరి తరువాత ఒకరు తోడుండుట కుటుంబ ధర్మము.

ఈ విమానమునకు 1514లో శ్రీకృష్ణదేవరాయలు బంగారుపూత చేయించినట్లు శాసనము కలదు. తెలుగువారికి ఇది స్మరణీయము. తెలుగువారు కంచి అనగానే తలచునది బంగారుబల్లి, వెండిబల్లి. గౌతమ మహర్షి శిష్యులిద్దరు, గురువునకు తెచ్చిన తీర్థములో బల్లి పడిన సంగతి గమనింపక శాపమొంది, ఇక్కడ విముక్తులైరని స్థలపురాణము. వాటిని తాకుటకు త్రోపులాడువారు ఒకింత ఆలోచింపవలెను. ఆ శాపము పరాకువలన వచ్చినది. ఇదే క్షేత్రమున రామానుజులు పరాకులేక దినదినము నీరు మోసిరి. బల్లిని తాకుటకన్న పరాకును విడుచుట గొప్ప. తొందరలో ప్రక్కనున్న వృద్ధుని త్రోసి బల్లిని తాకినవాడు ఏ దోషమును పోగొట్టుకొన్నట్లు?

మధ్యాహ్న భోజనవేళ చెప్పుకొనదగిన కథ ఒకటి కలదు. ఇది భోజనమునకు సంబంధించినదే. కంచిలో గృహస్థులుగ నున్న దినములలో రామానుజులకు తిరుక్కచ్చినంబుల శేషమును భుజించి ధన్యులు కావలెనను కోరిక కలిగెను. కులమును బట్టి కాక భక్తిని బట్టి వారిని గురుతుల్యులుగ భావించిన రామానుజులు వారిని తమ ఇంటికి భోజనమునకు ఆహ్వానించి, భార్యయైన తంజమాంబతో పాకము సిద్ధము చేయుమనిరి. వేళ కాగా నంబులను తోడ్కొని వచ్చుటకై ఒక వీథిన బయలుదేరిరి. నంబులు వేరొక వీథిన ఇంటికి వచ్చిరి. స్వామి కైంకర్యమునకు వేళ మించునని త్వరపడి భుజించి వెడలిరి. తంజమాంబ ఆనాటి ఆచారమును అనుసరించి విస్తరిని తీసివేసి, నేల శుద్ధిచేసి, స్నానము చేసి, భర్తకు వేరుగ వంట మొదలిడినది. తిరిగివచ్చిన రామానుజులకు శేషము లేదు, ఆశ తీరలేదు. ఇట్టి ఘటనలు పెరిగి తుదకు ఆ గృహస్థాశ్రమమే ముగిసినది. వారు సన్న్యసించి యతిరాజులైరి.

ఈ కథను ఇల్లాలి తప్పుగ చెప్పుట సులభము; పలువురు అట్లే చెప్పుదురు. ఆమెకు తెలియనిదానిని కూడ తలచినచో గృహస్థులకు వేరొక పాఠము లభించును. అతిథి వచ్చుచున్నాడని ఆమెకు తెలియును, వంట తెలియును. ఆ అతిథి శేషమే భర్త కోరిన మహాప్రసాదమన్న తలంపు ఆమెకు అందినట్లు లేదు. సంకల్పము ఒకరి హృదయమున నిలిచి, శ్రమ మాత్రము వేరొకరి చేతికి వచ్చినది. రామానుజుల విషయమున ఇది లోకకళ్యాణమునకు భగవంతుడు నడపిన లీల. సామాన్య గృహములందు ఇది కలహమగును. యాత్రకు ముందునాటి రాత్రి పులిహోర కలిపి, పిల్లల బట్టలు సర్ది, వేకువన అందరికన్న ముందు లేచినది ఇల్లాలు; పట్టిక వ్రాసినది యజమాని. ఆమె ఏ సన్నిధిలో కొంతసేపు కూర్చుండగోరునో ఎవరును అడుగలేదు. యాత్రా సంకల్పము ఇంటివారందరు కూర్చుండి చేసికొనవలెను. శ్రమయు అందరు పంచుకొనవలెను. వరదుని కోవెల ప్రసాదముగ ప్రసిద్ధికెక్కిన ఇడ్లీ — మిరియము, జీలకఱ్ఱ, శొంఠి చేర్చి, ఆకులు పఱచిన వెదురుబుట్టలో ఆవిరిపై ఉడికించునది — దొరికినచో, ఆ పూట ఇల్లాలికి వంట శ్రమయు కొంత తగ్గును.

ప్రయాణపు మూటల విషయమున కూరేశుల దంపతుల కథ వినదగినది. కంచికి సమీపమందలి కూరము వారి ఊరు. మహాధనికులైన కూరేశులు సర్వస్వమును దానముచేసి భార్య ఆండాళుతో శ్రీరంగమునకు నడచి పోవుచుండిరి. అడవిదారిలో ఆమె “ఇచట భయమున్నదా?” అని అడిగెను. “చేత ఏమైన ఉన్నవారికి భయము, నీవద్ద ఏమున్నది?” అని వారు ప్రశ్నించిరి. భర్త నీరు త్రాగుటకై ఒక బంగారు గిన్నెను మాత్రము తెచ్చితినని ఆమె చెప్పగా, కూరేశులు దానిని తీసి పొదలలో విసరివైచిరి, భయము తీరినది. నేటి గృహస్థులు గిన్నెలు విసరనక్కరలేదు. నగలు ఇంట నుంచి, నీటిసీసా, మందులు, కప్పుకొనుటకు వస్త్రము మాత్రము తీసికొన్నచో చాలును. మెడలోని గొలుసుపై చేయి వేసికొని నిలిచినవానికి స్వామిపై చూపు నిలుచుట కష్టము.

సాయంకాలము తలుపులు తెరచిన పిదప తిరువెఃకాకు పోవుట ఉచితము. ఇచటి స్వామి యథోక్తకారి, చెప్పినట్లు చేసినవాడు. తిరుమళిశై ఆళ్వారు, అనగా భక్తిసారులు, ఇచట నుండగా ఒక వృద్ధదాసి వారికి సేవచేసి వారి అనుగ్రహమున యౌవనము పొందినది. అది విన్న పల్లవరాజు తనకును యౌవనము కావలెనని ఆళ్వారు శిష్యుడైన కణికణ్ణుని నిర్బంధించి, అతడు ఒప్పుకొననందున నగరమునుండి వెడలగొట్టెను. శిష్యుని వెంట ఆళ్వారు బయలుదేరుచు, పాముపడకను చుట్టుకొని తమతో రమ్మని స్వామిని వేడిరి. స్వామి లేచి వారి వెంట నడచెను. కంచి కళతప్పినది. రాజు పశ్చాత్తాపమున వేడుకొనగా ముగ్గురును తిరిగి వచ్చిరి. స్వామి మునుపటికి మారుగా శయనించి, ఆ జరిగినదానికి గుర్తు నిలిపెను. ఒక్క రాత్రి వారు విడిసిన చోటు నేటి ఓరిరుక్కై. ఒక్కడు వెలి అయినప్పుడు స్వామి పడకను చుట్టుకొని వాని వెంట పోయెను. తక్కినవారు సుఖముగ నుందురని ఒక్కని విడువలేదు.

చివరి దర్శనమునకు ఉలగళంద పెరుమాళ్ కోవెలను నిలుపుకొనవలెను. ఈ ఒక్క ఆవరణలోనే నాలుగు దివ్యదేశములు కలవు గనుక పట్టిక వ్రాసినవానికిని తృప్తియగును. గర్భాలయమున ముప్పది అడుగులకు పైబడిన త్రివిక్రమమూర్తి ఒక పాదమును ఎత్తి నిలిచియుండును. తలయెత్తి చూచిన పిల్లలు నివ్వెరపోవుదురు. ఆ సంభ్రమములో పలువురు ప్రక్కనున్న చిన్న సన్నిధిని చూడక వెడలుదురు. అది ఊరగము, అచట స్వామి ఆదిశేషుని రూపమున నున్నాడు. పాతాళమునకు అణగద్రొక్కబడిన బలిచక్రవర్తి, తనను త్రొక్కిన ఆ మహారూపమును పూర్ణముగ చూడలేకపోతినని వేడుకొనగా, అతని చూపునకు అందునట్లు స్వామి ఈ చిన్న రూపమున సాక్షాత్కరించెనని స్థలపురాణము.

లోకములను కొలిచిన అడుగు, చూడలేని ఒక్కని కొరకు ఇంత చిన్నదైనది. భగవంతుడు తన వేగమును, తన పరిమాణమును క్రిందనున్నవానికి సరిపోవునట్లు తగ్గించుకొనుటయే సౌలభ్యమను గుణము. గృహస్థుడు తన నడకను తల్లి నడకకు తగ్గించుకొనుట ఆ గుణమునకు చిన్న అనుకరణము. పదునాలుగు దివ్యదేశములను కొలిచి వచ్చినవాడు త్రివిక్రముని ఒక పాదమును మాత్రము చూచినవాడు. నాలుగింటినే చూచి తల్లి చేయి విడువనివాడు ఊరగమును గూడ చూచినవాడు.

ఇన్ని సన్నిధులు చూడనిచో పుణ్యము తక్కువగునా యని శంకించువారు కలరు. దానికి సమాధానము వరదుడే చెప్పియున్నాడు. రామానుజులకు కలిగిన సందేహములను తిరుక్కచ్చినంబులు స్వామికి విన్నవింపగా స్వామి ఆరు వార్తలు అనుగ్రహించెను. అందులో శరణాగతియే మోక్షోపాయమని ఒకటి; శరణుజొచ్చినవానికి అంతిమకాలమున స్మరణ తప్పనిసరి కాదని మరియొకటి. తుదిక్షణమున స్వామిని తలపలేకపోయినను విడువని ప్రభువు, మోకాలినొప్పిచే మెట్లెక్కలేని భక్తురాలిని విడుచునా? యాత్ర ఉపాయము కాదు, కైంకర్యము. ఉపాయమని తలచినవాడు లెక్కించును; కైంకర్యమని తలచినవాడు సేవించును. లెక్కించువానికి ప్రక్కవాడు అడ్డము, సేవించువానికి ప్రక్కవాడు అవకాశము.

అట్లని వాయిదా వేయుటయు తగదు. వరదుని కోవెల అనంతసరస్సు నీటి అడుగున శయనించు అత్తివరదస్వామి నలువది యేండ్ల కొకమారు వెలికి వేంచేయుదురు. 1979లో ఆ దర్శనమైనది. మరల 2019లో జూలై 1వ తేదీ మొదలు ఆగస్టు 17వ తేదీ వరకు 48 దినములు స్వామి దర్శనమిచ్చిరి. 1979లో తల్లి చంకలో నుండి చూచిన బిడ్డ 2019లో నడివయస్సున వచ్చెను. ఆ తల్లులలో ఎందరో రాలేదు. రాబోవు దర్శనము 2059లో. అత్తివరదునకు నలువది యేండ్లు ఒక నిద్ర. ఇంటిలోని పెద్దలకు నలువది యేండ్లు లేవు. వచ్చు సెలవుదినము మాత్రము కలదు. ఆ దినమున కంచి సాధ్యము కానిచో సమీపమందలి తిరుమళిశై కలదు, తిరువళ్ళూరు వీరరాఘవస్వామి కలడు. మరియొక మాసమున మధురాంతకము. రామానుజులును పెరియనంబులును ఒకరికొరకు ఒకరు ప్రయాణమై ఎదురెదురుగ కలసికొన్న చోటది. మాసమున కొక ఊరు, ఊరికి రెండు మూడు సన్నిధులు, కుటుంబమంతయు కలసి.

రాత్రికి తిరిగివచ్చిన పిమ్మట తీర్థప్రసాదములను ఇరుగుపొరుగువారికి పంచి, పిల్లలచేత ఆనాడు విన్న కథను ఒకటి చెప్పింపవలెను. ముసలితల్లి పాదములకు కోడలో కొడుకో నూనె రాచుచుండగా, మనుమడు ఊరగము కథ చెప్పుచుండగా, ఆ ఇంటిలో కథ కంచికి పోయి మరల ఇంటికి వచ్చినదగును.

హస్తిగిరినాథుడు, పేరుందేవి తాయారు సమేతుడై, ఇంటింట పెద్దల చేయి పిన్నలు విడువకుండునట్లు, పిన్నల దారి పెద్దలు ఆశీర్వదించునట్లు సకల గృహస్థులను కటాక్షించుగాక!